క్రూడ్ పైకి, చిప్ మెషిన్ల షేర్లు కిందికి: సోమవారం ఏం చేద్దాం?

కాకినాడ_కాజా · 21 జూన్ 2025, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నా దగ్గర రెండు సంచులున్నాయి. అమెరికా సంచిలో చిప్పులు చేసే మెషిన్లు అమ్మే లామ్ రీసెర్చ్, అప్లయిడ్ మెటీరియల్స్, కాస్త కేఎల్ఏ. ఇక్కడి సంచిలో పెట్రోలు బంకుల కంపెనీలు హెచ్‌పీసీఎల్, ఐఓసీ. ఒకటి మునిగితే ఇంకోటి తేలుస్తుందని రెండేళ్ల కిందట మొదలుపెట్టాను. ఈ వారం రెండూ కలిసి నా వీపు మీదే పడ్డాయి.

13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి చేసిన రోజు బ్రెంట్ (ప్రపంచ ముడి చమురు ధర) పీపా 69 నుంచి 74 డాలర్లకి వెళ్లింది, మధ్యలో 78 కూడా చూపించింది. హెచ్‌పీసీఎల్ పడింది. నిన్న శుక్రవారం అమెరికాలో నా ముగ్గురూ ఎర్రగా కనిపించారు. కేఎల్ఏ అయితే రెండు శాతం పైనే. టీవీలో ఒకాయన చమురు టెన్షన్ వల్ల టెక్ షేర్లు అమ్ముతున్నారని తేల్చేశాడు. నాకది అతకలేదు. బావిలో చమురుకీ, చిప్పుల కోసం వేఫర్ (సిలికాన్ పలక) చెక్కే మెషిన్‌కీ ఏం చుట్టరికం?

ఇంకో సందేహం కూడా ఉంది. మా వీధి చివర బంకులో పెట్రోలు ధర పైసా కదల్లేదు. మరి ధరే మారనప్పుడు హెచ్‌పీసీఎల్ ఎందుకు పడినట్టు?

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా ఏదో ఒకటి తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

---

మల్టీబ్యాగర్_మావ · రాత్రి 9:51

గల్ఫ్ చమురు ఓడలు వెళ్లే హార్ముజ్ జలసంధి మూసేస్తున్నారన్నా. క్రూడ్ 150 ఖాయం. చమురు తీసే ఓఎన్‌జీసీ కొను, మిగతావన్నీ అమ్మి పారెయ్. ఇందులో ఆలోచించడానికేముంది?

---

పాత_బ్యాంకు · రాత్రి 10:20

మావా, 2008 జులైలో 147 చూసినప్పుడు కూడా అందరూ 200 అన్నారు. ఆ ఏడాది డిసెంబరులో 40 దిగువన దొరికింది. 2022 మార్చిలో బ్రెంట్ 139 తాకింది, అప్పుడూ ఇదే పాట. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ మైనస్ 37 డాలర్ల దగ్గర ముగిసింది. సరుకు ఎత్తుకుపొమ్మని ఎదురు డబ్బులిచ్చారన్నమాట. ఆ రోజు నేను స్క్రీన్ పాడైందనుకుని ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. చమురు ధర మీద జోస్యం మానేసింది ఆ రోజే.

కాజా గారూ, మీ రెండో ప్రశ్నలోనే జవాబుంది. బంకు బోర్డు మీద అంకె కదలకపోవడమే హెచ్‌పీసీఎల్ పడటానికి కారణం. రోజూ ధర మార్చుకునే పద్ధతి 2017 జూన్ 16న వచ్చింది. కాగితం మీద అది ఇప్పటికీ ఉంది. కానీ 2022 ఏప్రిల్ 6 తర్వాత కంపెనీలు తమంతట తాము పెంచింది లేదు. ఆ మే నెలలో కేంద్రం ఎక్సైజు పెట్రోలు మీద 8, డీజిలు మీద 6 తగ్గించింది. 2024 మార్చిలో ఎన్నికల ముందు రెండు రూపాయలు తగ్గించారు. అంతే, మూడేళ్లుగా బోర్డు పైకి కదల్లేదు.

అమ్మే ధర బిగేసి ఉండి కొనే ధర ఊగుతుంటే మధ్యలో నలిగేది కంపెనీ మార్జినే. 2022 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో హెచ్‌పీసీఎల్‌కి 10,197 కోట్ల నష్టం వచ్చింది. అదే కంపెనీ, అదే బంకులు, క్రూడ్ చల్లబడ్డాక 2023-24లో 14,694 కోట్ల లాభం చూపించింది. వ్యాపారం మారలేదు, మేనేజ్‌మెంట్‌కి కొత్త తెలివీ రాలేదు. క్రూడ్ దిగింది, బోర్డు దిగలేదు, అంతే. మూడు ప్రభుత్వ బంకు కంపెనీల్లో (ఐఓసీ, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్) హెచ్‌పీసీఎల్ ఎక్కువగా ఊగేది ఎందుకంటే, అది శుద్ధి చేసేదానికన్నా బంకుల్లో అమ్మేది ఎక్కువ. కొని అమ్మే వాటా పెద్దది. ఐఓసీకి రిఫైనరీలు, పెట్రోకెమికల్స్ కాస్త ఆసరా.

---

ఆటోనగర్_లారీ · రాత్రి 10:38

పాత_బ్యాంకు గారూ, మీరన్నది నిజమే కానీ ఒక సగమే చెప్పారు. మొన్న ఏప్రిల్‌లో క్రూడ్ 60 దరిదాపుకొస్తే మాకు తగ్గిస్తారనుకున్నాం. ఏం జరిగింది? లీటరుకి రెండు రూపాయలు ఎక్సైజు పెంచారు. బంకు ధర పెరగలేదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు, తగ్గాల్సింది తగ్గలేదు. ఆ రోజే గ్యాస్ బండ మీద 50 వడ్డించారు. క్రూడ్ తగ్గితే ఢిల్లీ ఖాతా, పెరిగితే కంపెనీ ఖాతా. మా ఖాతాలోకి మాత్రం ఎప్పుడూ ఏమీ రాదు.

నాకు మూడు లారీలున్నాయి. పది టైర్ల బండి లోడుతో లీటరుకి నాలుగు కిలోమీటర్లిస్తే గొప్ప. విజయవాడ నుంచి చెన్నై పోయి రావాలంటే 900 కిలోమీటర్లు, 225 లీటర్లు. ఆంధ్రలో వ్యాట్ మీద లీటరుకి నాలుగు రూపాయలు అదనం, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే మా డ్రైవర్లు ఇక్కడ ముప్పై, నలభై లీటర్లు తక్కువ పోసుకుని, తడ దాటాక తమిళనాడులో ట్యాంకు నింపుతారు. లీటరుకి నాలుగైదు రూపాయలు మిగులుతుంది. బెంగుళూరు లైనైతే ఇంకా ఎక్కువ. మీ కాకినాడవాళ్లు యానాం వెళ్లి పోయించుకోరా ఏంటి!

---

కాకినాడ_కాజా · రాత్రి 10:44

యానాం సంగతి బయటపెట్టకండి సార్. లీటరుకి పది రూపాయల పైన తేడా. మా బావమరిది అత్తగారింటికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరేది బంకు కోసమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

సరే, బంకు లెక్క అర్థమైంది. చిప్ మెషిన్ల సంగతి?

---

ఛాండ్లర్_ఎండలు · రాత్రి 11:25

ఇక్కడ పొద్దున్న పదకొండు, అప్పుడే నిప్పులు చెరుగుతోంది. ముందే చెప్తున్నా, నేను ఒక ఫ్యాబ్‌లో, అంటే చిప్ ఫ్యాక్టరీలో, వేఫర్ చెక్కే ఎచ్ విభాగంలో పనిచేస్తాను. ఏ ఫ్యాబో అడగొద్దు, మా కంపెనీ షేరు గురించి నోరెత్తను. మెషిన్లు అమ్మేవాళ్ల గురించి బయట అందరికీ తెలిసిందే చెప్తాను.

కాజా గారూ, మీ టీవీ ఆయన రెండు వార్తల్ని కలిపి ఒకే కుండలో వండేశాడు. శుక్రవారం పడింది చమురు వల్ల కాదు. చిప్పులు చేసే శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, తైవాన్ టీఎస్‌ఎంసీలకి చైనాలో ఫ్యాక్టరీలున్నాయి. షియాన్, వూషీ, నాన్‌జింగ్ ఊళ్లలో. వాటికి అమెరికా మెషిన్లు పంపాలంటే ప్రతిసారీ లైసెన్సు అడగనక్కర్లేదని వెసులుబాటు ఉంది. అది తీసేసే ఆలోచన ఉందని అమెరికా వాణిజ్య శాఖ అధికారి ఆ మూడు కంపెనీలకీ చెప్పాడని నిన్న వార్త వచ్చింది. లామ్, అప్లయిడ్, కేఎల్ఏ మూడూ ఒకేసారి పడటానికి కారణం అది.

దాని బరువెంతో తెలియాలంటే చైనా వాటా చూడండి. 2024లో ప్రపంచం మొత్తం కొన్న చిప్ తయారీ పరికరాలు 117 బిలియన్ డాలర్లు. అందులో చైనాలో దిగినవే 49 బిలియన్ల పైన. లామ్‌కి గత క్వార్టర్ ఆదాయంలో చైనా 31 శాతం, అప్లయిడ్‌కి 25. నిరుటి మీద ఇప్పటికే తగ్గింది, అయినా తక్కువేం కాదు. 2022 అక్టోబరులో మొదటి ఆంక్షలు, 2023లో ఇంకొన్ని, 2024 డిసెంబరులో 140 సంస్థలు ఆంక్షల జాబితాలోకి. ప్రతిసారీ ఇవే షేర్లు పడతాయి. మళ్లీ లేస్తాయి కూడా, కానీ ప్రతిసారీ లేస్తాయని రాసిపెట్టి లేదు.

---

ఆటోనగర్_లారీ · రాత్రి 11:40

తమ్ముడూ, తెలియక అడుగుతున్నా. లారీ అమ్మిన షోరూమ్‌వాడికి అసలు లాభం బండి మీద రాదు. తర్వాత ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, సర్వీసు మీద వస్తుంది. కొత్త బండ్లు అమ్ముడుపోని ఏడాది కూడా పాత బండ్లు తిరుగుతూనే ఉంటాయి కదా. ఈ మెషిన్లకి అలాంటిదేమైనా ఉందా?

---

ఛాండ్లర్_ఎండలు · 22 జూన్, రాత్రి 12:10

అన్నా, అసలు విషయం పట్టేశారు. నా రోజు చెప్తా వినండి.

ఎచ్ మెషిన్‌లో వేఫర్ ఒక పళ్లెం మీద కూర్చుంటుంది. చుట్టూ ఒక రింగు, సిలికాన్‌తో చేసింది. పైన ప్లాస్మా మండుతుంది. ఆ ప్లాస్మాకి వేఫర్ ఏదో రింగు ఏదో తేడా తెలియదు, రెండింటినీ తింటుంది. కొన్ని వందల గంటలు నడిచాక రింగు అంచు అరిగిపోతుంది. అరిగిందంటే వేఫర్ అంచున ఉన్న చిప్పులు పాడవుతాయి. అప్పుడు మెషిన్ ఆపాలి. లోపలి గ్యాస్ తోడేసి, చల్లారాక, తల నుంచి కాలి దాకా తెల్ల సూటు వేసుకుని మూత ఎత్తుతాం. లోపల గోడలకి మసిలా పట్టిన పొరని ఆల్కహాల్ గుడ్డలతో తుడుస్తాం. ఒక గుడ్డ ఒక్క తుడుపుకే, తిప్పి వాడకూడదు. కొత్త రింగు బిగించి, మూత వేసి, గాలి ఎక్కడైనా లీకవుతోందేమో హీలియంతో చూస్తాం. ఉత్తుత్తి వేఫర్లు నడిపి దుమ్ము రేణువులు లెక్కపెట్టాక గానీ మళ్లీ అసలు పనిలోకి రాదు. ఒక రోజు పోతుంది, ఒక్కోసారి రెండు. మొన్న ఒక స్క్రూ బిగించే వరస తప్పానని మొత్తం మళ్లీ విప్పాల్సి వచ్చింది.

ఆ రింగులు, ఆ సర్వీసు, పాత మెషిన్‌కి కొత్త భాగాలు, వీటన్నిటినీ లామ్ వేరే విభాగం కింద చూపిస్తుంది. మార్చి క్వార్టర్‌లో మొత్తం 4.72 బిలియన్ డాలర్ల ఆదాయంలో మూడో వంతు పైన అదే. 2023లో మెమరీ కంపెనీలు కొనడం ఆపేస్తే లామ్ ఏడాది ఆదాయం 17.4 నుంచి 14.9 బిలియన్లకు దిగింది. ఈ సర్వీసు లేకపోతే ఇంకా ఎక్కడికో పోయేది.

కానీ ఒక మెలిక. చైనాలో మెషిన్ అమ్మకానికే కాదు, సర్వీసుకీ ఆంక్షలు తగలొచ్చు. 2022 అక్టోబరులో అదే జరిగింది, కొన్ని చోట్ల ఇంజనీర్లని వెనక్కి పిలిచారు. అలాంటప్పుడు షోరూమూ పోతుంది, వర్క్‌షాపూ పోతుంది.

---

డచ్_ఊరగాయ · 22 జూన్, మధ్యాహ్నం 1:15

నేను నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి. పక్కనే వెల్డ్‌హోవెన్, చిప్ మెషిన్లు చేసే ఏఎస్‌ఎంఎల్ ఊరు. మా వీధిలో ప్రతి మూడో ఇంట్లో ఎవరో ఒకరు అందులోనో, వాళ్లకి సరుకిచ్చే కంపెనీలోనో పనిచేస్తారు. మా ఆయన ఎక్కడ చేస్తాడో చెప్పను, కాబట్టి షేరు సలహా కూడా ఇవ్వను.

కాజా గారు చుట్టరికం అడిగారు కదా. ఇంధనం ఖర్చు వైపు నుంచి చూస్తే చుట్టరికం దాదాపు లేదు. వేఫర్ మీద కాంతితో చిప్ గీతలు ముద్రించే ఒక్క ఈయూవీ మెషిన్ కొన్నవాడి దగ్గరికి చేర్చాలంటే 40 కంటెయినర్లు, 20 లారీలు, మూడు 747 కార్గో విమానాలు కావాలి. (లారీ అన్నకి నచ్చే లెక్క ఇది.) కానీ అందులో కొత్త రకం హై-ఎన్‌ఏ మెషిన్ ధర 350 మిలియన్ యూరోల దగ్గర ఉంటే విమాన ఇంధనం రెట్టింపైనా ఎవడు లెక్కపెడతాడు? ఇక్కడ పెట్రోలు లీటరు రెండు యూరోల దరిదాపులో ఉంది. అది నన్ను బాధపెడుతుంది గానీ ఏఎస్‌ఎంఎల్‌ని కాదు. అందుకే నేను సైకిలు మీద తిరుగుతాను.

ఈ షేర్లని నిజంగా కుదిపేది ఆర్డర్ల పుస్తకం. పోయిన అక్టోబరు 15న ఏఎస్‌ఎంఎల్ ఫలితాలు పొరపాటున ఒక రోజు ముందే వెబ్‌సైట్‌లోకి వచ్చేశాయి. ఆర్డర్లు 2.6 బిలియన్ యూరోలు. మార్కెట్ అనుకున్నదాంట్లో సగం కూడా లేవు. షేరు ఆ ఒక్క రోజే 16 శాతం పడింది. ఆ రోజు చమురు ఏం చేసిందో ఎవరికైనా గుర్తుందా? నాకైతే లేదు. ఈ ఏడాది మొదటి క్వార్టర్‌లో ఆర్డర్లు 3.9 బిలియన్లు. జులై మధ్యలో వచ్చే అంకె కోసమే ఇక్కడ అందరూ చూస్తున్నారు.

ఇంకో మాట, పేర్లతో జాగ్రత్త. ఏఎస్‌ఎంఎల్ వేరు, ఏఎస్‌ఎం ఇంటర్నేషనల్ వేరు, హాంకాంగ్ మార్కెట్లో నమోదైన ఏఎస్‌ఎంపీటీ వేరు. ఒకప్పటి చుట్టాలే, 1984లో ఫిలిప్స్, ఏఎస్‌ఎం కలిసి పెట్టిందే ఏఎస్‌ఎంఎల్. ఇప్పుడు ఎవరి కాపురం వాళ్లది. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒకటనుకుని ఇంకోటి కొన్నాడు. ఆరు నెలలదాకా తెలియలేదు.

---

మల్టీబ్యాగర్_మావ · 22 జూన్, మధ్యాహ్నం 1:22

ఇవన్నీ ఎందుకు మేడమ్, సెమీకండక్టర్ ఈటీఎఫ్ (చిప్ షేర్లన్నీ కలిపిన ఫండు) ఒకటి కొంటే అన్నీ వచ్చేస్తాయి కదా.

---

డచ్_ఊరగాయ · 22 జూన్, మధ్యాహ్నం 1:31

వస్తాయి. ముందు ఎన్‌విడియా వస్తుంది, అమెరికాలో ఎక్కువమంది కొనే ఈటీఎఫ్‌లో అదొక్కటే ఐదో వంతు దాకా. తర్వాత టీఎస్‌ఎంసీ. మెషిన్లు చేసేవాళ్లు పులిహోరలో జీడిపప్పులా అక్కడక్కడ తగులుతారు.

---

మోడరేటర్ · 22 జూన్, మధ్యాహ్నం 2:05

అమెరికా బాంబర్లు ఇరాన్ అణు కేంద్రం ఫోర్డో మీద దాడి చేశాయన్న వార్త తర్వాత ఇక్కడ పదకొండు పోస్టులు తీసేశాను. ఎవరిది న్యాయం ఎవరిది అన్యాయం అనేది వేరే చోట తేల్చుకోండి. ఇక్కడ షేర్లు, చమురు, అంతే.

---

పాత_బ్యాంకు · 22 జూన్, సాయంత్రం 6:40

హార్ముజ్ మూయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానం చేసింది. చివరి మాట మాత్రం వాళ్ల జాతీయ భద్రతా మండలిది. ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు ఆ సందులోంచే వెళ్తుంది కాబట్టి రేపు పొద్దున్న కంగారు తప్పదు.

ఊగకుండా కొన్ని గుర్తుపెట్టుకోండి. మన క్రూడ్‌లో మూడో వంతు పైన రష్యాది, అది ఆ దారిన రాదు. చమురు ఎగుమతి చేసే ఒపెక్ ప్లస్ దేశాలు మే, జూన్, జులై మూడు నెలలూ రోజుకి 4,11,000 పీపాల చొప్పున ఉత్పత్తి పెంచుతున్నాయి. విశాఖ, మంగుళూరు, పాడూరుల్లో భూమి కింద గుహల్లో 53 లక్షల టన్నుల పైన దాచుకునే చోటుంది. విశాఖది 13.3 లక్షల టన్నులు. పది రోజులకి కూడా చాలదు, నిజమే. కానీ అది ఉందంటే మొదటి రోజు భయం కాస్త తగ్గుతుంది.

డచ్ అమ్మాయి చుట్టరికం లేదంది. దూరపు చుట్టరికం ఒకటుందమ్మా. క్రూడ్ ఎక్కువ కాలం ఎక్కువ ధరలో ఉంటే ధరలన్నీ పెరుగుతాయి, వడ్డీ రేట్లు దిగవు. వడ్డీ దిగకపోతే ఏడాది లాభానికి ఇరవై, ముప్పై రెట్ల ధర పలికే షేర్లకి గాలి తగ్గుతుంది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీని సున్నా దగ్గర నుంచి నాలుగున్నర శాతానికి తీసుకెళ్లింది. ఆ ఏడాది ఫిలడెల్ఫియా చిప్ సూచీ మూడో వంతు పైగా పోయింది. మొన్న 18న కూడా ఫెడ్ వడ్డీ తగ్గించలేదు. కాబట్టి టీవీ ఆయన పూర్తిగా తప్పని నేననను. శుక్రవారానికి మాత్రం తప్పే.

---

ఛాండ్లర్_ఎండలు · 22 జూన్, రాత్రి 9:50

దూరపు చుట్టరికం కాదు మాస్టారూ, దగ్గరిదే ఒకటుంది. ఎవరూ దాని గురించి మాట్లాడట్లేదు. చమురు కాదు, గ్యాస్.

తైవాన్ కరెంటులో నలభై శాతం పైన గ్యాస్ మీద వస్తుంది. ఆ గ్యాసంతా ఓడల్లో రావాల్సిందే. అందులో మూడో వంతుకి దగ్గరగా ఖతార్‌ది, అంటే హార్ముజ్ దారి. వాళ్ల చట్టం ప్రకారం ఉంచాల్సిన నిల్వ 11 రోజులది. పోయిన నెల 17న వాళ్ల చివరి అణు రియాక్టరూ ఆపేశారు. ఆ దేశం కరెంటులో దాదాపు ఎనిమిది శాతం ఒక్క టీఎస్‌ఎంసీ వాడుతుంది.

రెండోది హీలియం. నిన్న లీకు చూడటానికి వాడతామన్నాను కదా. అంతకన్నా ముఖ్యం, ఎచ్ జరుగుతున్నంతసేపూ వేఫర్ కిందనుంచి సన్నగా హీలియం పారిస్తాం. అది వేడి లాగేస్తుంది. అది లేకపోతే వేఫర్ కాగిపోతుంది. ప్రపంచం హీలియంలో ముప్పై శాతం దాకా ఖతార్ నుంచే. 2017 జూన్‌లో పొరుగు దేశాలు ఖతార్‌ని వెలేసినప్పుడు అక్కడి హీలియం ప్లాంట్లు కొన్నాళ్లు ఆగాయి. మా దగ్గర పాతవాళ్లు ఆ రోజుల్ని ఇంకా చెప్పుకుంటారు.

అయితే గమనించండి. ఇది నిజంగా జరిగితే ముందు దెబ్బ తినేది మెషిన్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కాదు. ఈయూవీ లాంటి పెద్ద మెషిన్‌కి ఆర్డరు ఏడాది, ఏడాదిన్నర ముందే ఇస్తారు. రెండు వారాల ఆటంకానికి రద్దు చేసుకోరు. ఆర్నెల్లయితే అప్పుడు వేరే మాట.

---

లెక్కలమ్మ · 22 జూన్, రాత్రి 10:30

సీఏగా రెండు ముక్కలు, ఎందుకంటే కాజా గారు రేపు అమ్మకం బటన్ మీద వేలు పెట్టేలా ఉన్నారు.

ఒకటి. ఈ పది రోజుల్లో డాలరు దాదాపు ఒక రూపాయి పెరిగింది. క్రూడ్ పెరిగితే మన దిగుమతి బిల్లు పెరుగుతుంది, రూపాయి నీరసిస్తుంది. మీ అమెరికా సంచి డాలర్లలో రెండు శాతం పడితే మీ చేతికొచ్చే లెక్కలో అంత పడలేదు. అంటే మీరు రెండేళ్ల కిందట అనుకున్న కాపలా ఎంతోకొంత పనిచేస్తోంది. మీరు షేర్లలో వెతుకుతున్నారు, అది రూపాయిలో ఉంది.

రెండు. విదేశీ షేరు 24 నెలలు దాటితే లాభం మీద పన్ను 12.5 శాతం. దాటకపోతే మీ శ్లాబు. మీరు రెండేళ్ల కిందటంటున్నారు, ఏ నెలో చూసుకోండి. నా క్లయింటు ఒకాయన 24వ నెలలో అమ్మి 30 శాతం కట్టాడు, పది రోజులు ఆగుంటే సరిపోయేది. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు మర్చిపోవద్దు, దానికి 2024 జనవరి నుంచి డిసెంబరు దాకా చూపించాలి. ఆర్థిక సంవత్సరం కాదు. ఈసారి గడువు సెప్టెంబరు 15 దాకా ఉంది. ఇక అమెరికా షేర్లు 60,000 డాలర్లు దాటితే అక్కడి వారసత్వ పన్ను గురించి ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి. ఎవరికీ చెప్పాలనిపించని మాట, అందుకే చెప్తున్నా.

---

ఆటోనగర్_లారీ · 23 జూన్, ఉదయం 8:05

బ్రెంట్ 81 చూసింది. మా డ్రైవరు రాత్రి ఫోన్ చేసి, సార్ రేపు డీజిలు పెరుగుతుందంట, ఇక్కడే ఫుల్ చేయించమంటారా అన్నాడు. మూడేళ్లుగా పెరగనిది రేపెందుకు పెరుగుతుందిరా, తడ దాటాకే పోయించు అన్నాను. పాత_బ్యాంకు గారి పాఠం పనికొచ్చింది.

---

మల్టీబ్యాగర్_మావ · 23 జూన్, ఉదయం 8:11

చెప్పానా! 81! ఇంకా మొదలే.

---

కాకినాడ_కాజా · 24 జూన్, సాయంత్రం 5:30

ఉన్నదున్నట్టు చెప్తాను, తిట్టండి.

సోమవారం మార్కెట్ తెరవగానే చెయ్యి ఆగలేదు. హెచ్‌పీసీఎల్ సగం అమ్మేశాను. పాత_బ్యాంకు గారు రాసింది రెండుసార్లు చదివాను, అర్థమైంది కూడా. అయినా 81 అంకె చూసేసరికి 10,197 కోట్ల నష్టమే కళ్లముందు తిరిగింది. ఆ డబ్బుతో లామ్ కొందామని డాలర్లు పంపితే, నేను వాడే యాప్ రెండు రోజులు పడుతుందని చూపించింది. కాల్ చేస్తే పాట వినిపించారు.

ఆ రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వదిలింది. నేను అయిపోయిందనుకున్నాను. క్రూడ్ మాత్రం పడింది! చమురు ఓడల జోలికీ బావుల జోలికీ వెళ్లలేదని మార్కెట్ ఊపిరి పీల్చుకుందట. 71కి వచ్చింది. పొద్దున్న లేచేసరికి కాల్పుల విరమణ. ఈ రోజు ఇంకా దిగుతోంది. హెచ్‌పీసీఎల్ నేను అమ్మిన ధర దాటి పైకి పోయింది. లామ్ కూడా లేచింది, డాలర్లు ఇంకా దారిలోనే ఉన్నాయి.

లెక్కలమ్మ గారూ, లామ్ కొన్నది 2023 ఆగస్టులో. మీరు చెప్పకపోతే అదీ అమ్మేసేవాణ్ణి.

---

పాత_బ్యాంకు · 24 జూన్, సాయంత్రం 6:15

తిట్టడానికేముంది, సగమే అమ్మారు. 2020లో నేను మొత్తం అమ్మాను.

కానీ ఇప్పుడు తొందరపడి తిరిగి కొనకండి. క్రూడ్ దిగింది కదా అని హెచ్‌పీసీఎల్ లాభమంతా మీకే రాదు. ఏప్రిల్‌లో చూశారుగా, ధర దిగితే ఎక్సైజు చెయ్యి చాస్తుంది. గ్యాస్ బండ మీద పోయినేడు మూడు కంపెనీలకీ కలిపి వచ్చిన 41 వేల కోట్ల లోటు ఎప్పుడు పూడుస్తారో ఇంకా తేలలేదు. ఈ షేరు కొనేవాడు క్రూడ్ ధరతో పాటు ఆర్థిక మంత్రి మనసులో ఏముందో కూడా కనిపెట్టాలి. నాకు ఆ శక్తి లేదు కాబట్టి డివిడెండు కోసం కొద్దిగా ఉంచుకుని ఊరుకున్నాను.

---

ఛాండ్లర్_ఎండలు · 24 జూన్, రాత్రి 10:05

మెషిన్ల వైపూ అదే కథ మాస్టారూ. ఈ రోజు ఇక్కడ చిప్ షేర్లన్నీ ఎగురుతున్నాయి. శుక్రవారం వాటిని పడేసిన వెసులుబాటు సంగతి అలాగే ఉంది. తీసేస్తామనీ అనలేదు, తీయమనీ అనలేదు. యుద్ధం ఆగిందన్న సంబరంలో అది అందరూ మర్చిపోయారు. కాజా గారూ, మీ డాలర్లు చేరాక కొనేముందు ఒకటి చేయండి. చైనా ఆదాయంలో సగం పోతే ఈ షేరుకి నేనివ్వగలిగిన ధరెంత అని కాగితం మీద వేసుకోండి. ఆ ధర దగ్గర కూడా కొనాలనిపిస్తే కొనండి.

---

కాకినాడ_కాజా · 24 జూన్, రాత్రి 10:40

వేశాను. ఇప్పటి ధరకి కొనాలనిపించలేదు. డాలర్లు అక్కడే ఉంచి, జులైలో ఏఎస్‌ఎంఎల్, లామ్ ఫలితాలు వచ్చాక చూస్తాను. మిగిలిన హెచ్‌పీసీఎల్ జోలికి వెళ్లను.

---

మల్టీబ్యాగర్_మావ · 25 జూన్, ఉదయం 9:02

క్రూడ్ 67. ఇంక 50కి పోతుంది, రాసి పెట్టుకోండి. ఓఎన్‌జీసీ ఉంటే వెంటనే వదిలించుకోండి.

---

ఆటోనగర్_లారీ · 25 జూన్, ఉదయం 9:06

మావా, నాలుగు రోజుల కిందట నువ్వే కదా కొనమన్నది?

---

పాత_బ్యాంకు · 25 జూన్, ఉదయం 9:10

స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను.